క్లరికల్ ఉద్యోగాలకు లెవల్స్: ఒప్పందంలో నిర్వచనాలు ఎలా రాస్తే నిలబడతాయి?

కొత్తకలం:
నమస్కారం. ఒక కార్యాలయంలో క్లరికల్ సిబ్బంది ఒప్పంద పత్రాలు తిరగరాసే పని నడుస్తోంది. తపాలా ఇన్‌వర్డ్ (వచ్చిన ఉత్తరాల నమోదు), రికార్డులు, డేటా ఎంట్రీ, రిసెప్షన్, బిల్లులు, స్టోర్సు లెక్కలు, జీతాల బిల్లు, ఇవీ అక్కడి పనులు. ఇప్పుడున్న పత్రాల్లో "క్లర్కు" అన్న హోదా, కింద "యాజమాన్యం అప్పగించే ఇతర పనులు" అన్న వాక్యం తప్ప ఏమీ లేదు. నాలుగు లెవల్స్ చేద్దామని ముసాయిదా ఇలా అనుకున్నాం:

లెవల్ 1: 3 ఏళ్లలోపు అనుభవం, సాధారణ పనులు.
లెవల్ 2: 3 నుంచి 7 ఏళ్లు, కొంత క్లిష్టమైన పనులు.
లెవల్ 3: 7 ఏళ్లు దాటినవారు, క్లిష్టమైన పనులు.
లెవల్ 4: సీనియర్లు, పర్యవేక్షణ.

ఒక్కో లెవల్ కింద పనుల జాబితా ఇస్తాం. సరిపోతుందా?

అనుబంధం_బి:
సరిపోదండి. ఏళ్లు లెక్కపెడితే తేలేది సర్వీసు, నైపుణ్యం కాదు. పదేళ్లుగా ఇన్‌వర్డ్ రిజిస్టరు మాత్రమే రాస్తున్న మనిషి మీ ముసాయిదా ప్రకారం లెవల్ 3. చేరిన ఏడాదికే జీతాల బిల్లు ఒంటిచేత్తో తేల్చే మనిషి లెవల్ 1. ఆ రెండో మనిషి వచ్చి నిలదీస్తే మీ దగ్గర జవాబుండదు. "సాధారణ", "కొంత క్లిష్టమైన" అన్న మాటలకు కొలత కూడా లేదు. రాసినవాళ్లకు ఒకలా, చదివినవాళ్లకు ఇంకోలా తోస్తాయి.

లెవల్‌ను తేల్చేవి వేరే ప్రశ్నలు. ఎవరినీ అడగకుండా ఎంతవరకు నిర్ణయం తీసుకోవచ్చు? చేసిన పని ఆఫీసు దాటేలోపు ఇంకెవరైనా సరిచూస్తారా? తేడా కనిపిస్తే పక్కన పెట్టి ఊరుకోవాలా, కారణం వెతకాలా, దిద్దాలా? ఇంకొకరి పనికి తను జవాబుదారీయా?

బిల్లుల పనే చూడండి. 100 పెట్టెలకు ఆర్డరు వెళ్లింది, స్టోర్సుకు 96 అందాయి, బిల్లు 100కి వచ్చింది.

లెవల్ 1 ఉద్యోగి ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. సరిపోతే నమోదు చేస్తారు. ఇక్కడ సరిపోలేదు కాబట్టి తేడా ఎంతో చీటీ రాసి, బిల్లు ఆపి, పైవారికి ఇస్తారు. పని అక్కడితో అయిపోయింది, అంతకుమించి ఆశించకూడదు.

లెవల్ 2 ఉద్యోగి ఆ 4 పెట్టెలు ఏమయ్యాయో తేలుస్తారు. స్టోర్సును అడుగుతారు, సరఫరాదారుకు రాస్తారు, క్రెడిట్ నోటు (బిల్లు అంతమేర తగ్గిస్తున్నామని వారిచ్చే కాగితం) తెప్పించి దాన్ని బట్టి నమోదు చేస్తారు.

లెవల్ 3 ఉద్యోగి నెలాఖరున సరఫరాదారు పంపిన స్టేట్‌మెంటును మన లెడ్జరుతో కలిపి చూసి, తేలకుండా మిగిలిన తేడాలకు సర్దుబాటు ఎంట్రీ ప్రతిపాదిస్తారు. ఇలాంటి బిల్లు వస్తే ఏం చేయాలో కింది ఇద్దరూ పాటించే పద్ధతిని రాసిపెట్టేది కూడా వీరే.

లెవల్ 4 ఉద్యోగి పని పంచుతారు, ఎంత తేడా వరకు ఎవరు సర్దవచ్చో నిర్ణయిస్తారు, ఆడిట్ అడిగితే జవాబు చెబుతారు.

నలుగురి పత్రాల్లోనూ పని పేరు "బిల్లుల పరిశీలన, నమోదు" అనే ఉంటుంది. ఉత్త పనుల జాబితాతో లెవల్ తేలదనేది ఇందుకే.

కోడ్_4110:
ఉద్యోగాల పేర్లకు కొత్తగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణ ఐఎస్‌సీఓ-08లో క్లరికల్ సిబ్బంది మొత్తం 4వ ప్రధాన వర్గం. అందులో 41 సాధారణ, కీబోర్డు క్లర్కులు, 42 ఖాతాదారులతో, సందర్శకులతో నేరుగా వ్యవహరించేవారు, 43 అంకెలు, సరుకు లెక్కలు రాసేవారు, 44 మిగతావారు. మీ ఏడు పనులూ వీటిలో దొరుకుతాయి. డేటా ఎంట్రీ 4132, రిసెప్షన్ 4226, పద్దులు 4311, జీతాల బిల్లు 4313, స్టోర్సు లెక్కలు 4321, ఫైలింగు 4415. ప్రత్యేక విభాగం లేని సాధారణ క్లర్కు 4110.

ఒక జాగ్రత్త. ఆ వర్గీకరణలో నైపుణ్య స్థాయిలు నాలుగు ఉన్నాయి కదా అని వాటిని మీ నాలుగు లెవల్స్‌కు అతికించకండి. 4వ వర్గం మొత్తానికీ అక్కడ ఇచ్చింది ఒకే స్థాయి, రెండోది. కొత్తగా చేరిన ఫైలింగు క్లర్కుదీ అదే, పండిపోయిన పద్దుల క్లర్కుదీ అదే. పేరు పెట్టడానికి పనికొస్తుంది, క్లర్కుల మధ్య మెట్లు కట్టడానికి పనికిరాదు. ఆఫీసు సూపర్‌వైజరు అయితే 4వ వర్గంలోనే లేరు, 3341 కింద మూడో ప్రధాన వర్గంలో ఉన్నారు. అంటే మీ లెవల్ 4 నిజంగా పర్యవేక్షణే అయితే అది క్లర్కు మెట్లలో చివరిది కాదు, వేరే ఉద్యోగం.

కొత్తకలం:
@అనుబంధం_బి గారూ, మరి పనుల జాబితా పూర్తిగా తీసేయమంటారా? అది లేకపోతే సిబ్బంది "నా పని ఏమిటో రాయలేదు" అంటారు.

అనుబంధం_బి:
ఉంచండి, స్థానం మార్చండి. ముందు లెవల్ లక్షణాలు, తర్వాత "ఈ లెవల్‌లో తరచూ ఉండే పనులు, ఉదాహరణకు" అని జాబితా. రెండింటికీ పొసగనప్పుడు లక్షణాలదే పైచేయి అని ఒక వాక్యం ఉండాలి.

నమూనా కావాలంటే ఆస్ట్రేలియా ప్రైవేటు రంగ క్లర్కులకు వర్తించే 2020 అవార్డు (అక్కడ ఒక రంగానికి కనీస వేతనాలు, పని షరతులు నిర్ణయించే చట్టబద్ధ పత్రం) అనుబంధం ఎ చదవండి. అక్కడ 5 లెవల్స్. ప్రతి లెవల్‌కూ మొదట లక్షణాలు, ఆ తర్వాత మామూలుగా ఉండే పనులు, నైపుణ్యాలు. ఉద్యోగిని ఏ లెవల్‌లో పెట్టాలో చూసేటప్పుడు అసలు చూడాల్సింది పనిలో ఎంత సామర్థ్యం, నైపుణ్యం వాడాల్సి వస్తోందన్నదే తప్ప పనుల పేర్లు కావని అందులోనే ఉంది. సర్వీసు ఏళ్లు కింది లెవల్స్ లోపల మాత్రమే వస్తాయి: లెవల్ 1లో మొదటి, రెండు, మూడో ఏడాదిగా, లెవల్ 2లో మొదటి, రెండో ఏడాదిగా. ఏళ్లకు చోటు ఇవ్వాలంటే ఇవ్వాల్సిన చోటు అదే: ఒక లెవల్ లోపల ఇంక్రిమెంటుకు, లెవల్ మారడానికి కాదు.

సంఘం_గొంతు:
"ఇతర పనులు" అన్న వాక్యం గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? లెవల్స్ ఎంత చక్కగా రాసినా ఆ ఒక్క వాక్యం అన్నిటినీ తినేస్తుంది. లెవల్ 1 జీతమిచ్చి లెవల్ 3 పని చేయించుకోవడానికి దారి అదే. తీసేయించండి.

జీతాల_పట్టిక:
@సంఘం_గొంతు పూర్తిగా తీసేస్తే రిసెప్షన్‌లో మనిషి సెలవు పెట్టిన రోజు ఫోను ఎత్తమన్నా "నా జాబితాలో లేదు" అంటారు. అదీ కుదరదు. తీసేయకుండా కట్టడి చేయండి. మూడు కట్లు చాలు: ఇచ్చే పని ఉద్యోగి లెవల్‌కో అంతకన్నా కిందిదానికో చెందాలి, ఆ ఉద్యోగానికి సంబంధం ఉండాలి, శిక్షణ లేని పని అయితే ముందు నేర్పాలి. పై లెవల్ పని ఇస్తే అది "ఇతర పనులు" కింద రాదు, ఇన్‌ఛార్జి నిబంధన (పై లెవల్ పనిని తాత్కాలికంగా చూసేవారికి వర్తించేది) కింద వస్తుంది.

ఇన్‌ఛార్జి నిబంధనలో జనం మరిచిపోయేవి రెండు. ఎన్నో రోజు నుంచి పై లెవల్ జీతం లెక్కలోకి వస్తుంది, ఎంతకాలం దాటితే ఆ లెవల్ శాశ్వతంగా పరిశీలనకు వస్తుంది. మొదటిది రాసి రెండోది వదిలేస్తే ఇన్‌ఛార్జి ఏళ్ల తరబడి సాగుతుంది. మొదటిదానిలోనూ "వరుసగా 5 పని దినాలు" అని రాస్తే నాలుగో రోజు సాయంత్రం మార్చి, ఒక రోజు ఆగి మళ్లీ వేయడం మొదలవుతుంది. "ఏ 3 నెలల్లోనైనా మొత్తం 5 పని దినాలు" అనండి.

సంఘం_గొంతు:
ఆ మూడు కట్లూ ఉంటే అభ్యంతరం లేదు. "శిక్షణ" పక్కన "పని వేళల్లో" అని చేర్చండి.

సరిచూపు:
అసలు చిక్కు మిశ్రమ ఉద్యోగాల్లో వస్తుంది. చిన్న ఆఫీసుల్లో ఒకే మనిషి పొద్దున తపాలా తీసుకుంటారు, మధ్యాహ్నం డేటా ఎంట్రీ, నెలాఖరు మూడు రోజులు జీతాల బిల్లు. ఏ లెవల్?

జీతాల_పట్టిక:
ఎక్కువ సమయం దేనికి పోతుందో ఆ లెవల్. లెక్క తేలిక, వాదన తక్కువ.

సరిచూపు:
తేలికే, కానీ ఈ ఉదాహరణలో తప్పు ఫలితం ఇస్తుంది. నెలలో 3 రోజులంటే సమయంలో చిన్న భాగమే. కానీ ఆ 3 రోజుల పని ఎవరూ సరిచూడకుండా నేరుగా బ్యాంకుకు వెళ్తుంటే, సెలవు కోతలూ బకాయిలూ ఆ మనిషే లెక్కగడుతుంటే, ఆఫీసు వారి నుంచి కొనుక్కుంటున్నది లెవల్ 3 నైపుణ్యం. మిగతా రోజుల్లో వాడకపోయినా ఆ నైపుణ్యం వారి దగ్గర ఉండి తీరాలి. అదే పనిలో హాజరు పట్టీ నుంచి రోజులు ఎక్కించడం వరకే వారిదై, లెక్క ఇంకొకరు తేల్చి సంతకం పెడుతుంటే అది లెవల్ 1 పనే, నెలంతా చేసినా సరే.

కాబట్టి నిబంధన ఇలా ఉంటే మంచిది: "పై లెవల్ పని క్రమం తప్పకుండా అప్పగించబడి, దాన్ని బయటికి పంపే ముందు మరొకరు సరిచూడని పక్షంలో, ఆ పనికి పట్టే సమయంతో నిమిత్తం లేకుండా ఉద్యోగి ఆ లెవల్‌కు చెందుతారు. మిగిలిన సందర్భాల్లో ఎక్కువ సమయం పట్టే పనిని బట్టి లెవల్ నిర్ణయించాలి."

జీతాల_పట్టిక:
ఒప్పుకుంటాను. "క్రమం తప్పకుండా" అంటే ఎంత అన్నది నిర్వచనాల్లో పెట్టండి, లేకపోతే ఏడాదికోసారి చేసే స్టాకు లెక్కింపు కూడా ఇందులోకి వస్తుంది. ప్రతి జీతాల చక్రంలో కనీసం ఒకసారి అంటే సరిపోతుంది.

అనుబంధం_బి:
@సరిచూపు గారి పరీక్ష మిగతా చోట్లా వాడొచ్చు. ఏ పనికైనా "తప్పు జరిగితే దాన్ని ఎవరు, ఎప్పుడు పట్టుకుంటారు?" అని రాసుకోండి. పక్క సీటులో అదే రోజు దొరికేది లెవల్ 1. నెలాఖరు సరిచూపులో దొరికేది లెవల్ 2. బయటివాళ్లు ఉత్తరం రాస్తేనో ఆడిట్ వస్తేనో తప్ప దొరకనిది లెవల్ 3. తూకం వేసినట్టు కచ్చితంగా రాదు గానీ ఇద్దరు మనుషులు విడివిడిగా చూసినా దాదాపు ఒకే జవాబు వస్తుంది.

కీబోర్డు_కాపలా:
డేటా ఎంట్రీ, టైపింగు లెవల్స్ గురించి. "మంచి టైపింగు వేగం" అని రాయకండి. "నిమిషానికి 30 పదాలు" అన్నా తెలుగుకు చాలదు. ఇంగ్లీషు టైపింగు లెక్కల్లో పదం అంటే ఖాళీతో కలిపి 5 కీ నొక్కులు. అంటే 30 పదాలు నిమిషానికి 150 నొక్కులు, గంటకు 9,000. తెలుగులో కంటికి కనిపించే అక్షరానికీ నొక్కులకూ పొంతన ఉండదు. ఇన్‌స్క్రిప్టు (భారతీయ భాషల ప్రామాణిక అమరిక) కీబోర్డులో "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి 6 నొక్కులు. ఒత్తులు దట్టంగా ఉన్న ఉత్తరం, అంకెల పట్టిక రెండూ "పదాల" లెక్కలో పోల్చలేం.

కాబట్టి ఒప్పందంలో నాలుగూ రాయండి: గంటకు ఎన్ని కీ నొక్కులు, ఏ కీబోర్డు అమరిక, ఎంతసేపు పరీక్ష (10 నిమిషాలు మామూలే), ఎంత శాతం తప్పుల వరకు సరే. షిఫ్టు కీని విడిగా లెక్కిస్తారో లేదో కూడా. పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేరు ఒకలా, మీరు ఒకలా లెక్కిస్తే అక్కడే పేచీ.

ఇంకో మాట. వేగం లెవల్ కాదు. రెట్టింపు వేగంతో ఎక్కించినా ఎదుట ఉన్న కాగితంలో ఉన్నదే ఎక్కిస్తే అది లెవల్ 1 పనే, బాగా చేసిన లెవల్ 1. రెండు చోట్ల ఒకే పేరు రెండు రకాలుగా ఉంటే ఏది సరైనదో రికార్డు తీసి తేల్చి ఎక్కిస్తే అప్పుడు లెవల్ 2. వేగానికి బహుమానం ఇవ్వాలనుకుంటే ప్రోత్సాహకం ఇవ్వండి, లెవల్ మార్చకండి.

కొత్తకలం:
సాఫ్ట్‌వేరు పేర్లు రాయాలా? మా ముసాయిదాలో అకౌంటింగు ప్యాకేజీ పేరు, వెర్షన్ నెంబరుతో సహా ఉంది.

కీబోర్డు_కాపలా:
ఒప్పందంలో వద్దు. ప్యాకేజీ మారిన రోజున మీ లెవల్ 2 నిర్వచనం చెల్లకుండా పోతుంది. పని రాయండి: "స్ప్రెడ్‌షీటులో రెండు జాబితాలను పోల్చి, ఒకదానిలో ఉండి మరోదానిలో లేని వరుసలను వేరుచేయగలగాలి." ఏ సాఫ్ట్‌వేరులో చేసినా అదే నైపుణ్యం. "కంప్యూటర్ పరిజ్ఞానం ఉండాలి" అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

అనుబంధం_బి:
దాంతోపాటు "చూసుకోవాలి", "సహకరించాలి", "సమన్వయం చేయాలి" కూడా. "బిల్లులు చూసుకోవాలి" అంటే నమోదు చేయడమా, సరిచూడడమా, ఆమోదించడమా? ఒక్కోటీ ఒక్కో లెవల్. వాడాల్సిన క్రియలు: అందుకోవడం, నమోదు చేయడం, సరిచూడడం, తిప్పి పంపడం, ఆమోదానికి పెట్టడం, ఆమోదించడం. "ఆమోదానికి పెట్టడం"కీ "ఆమోదించడం"కీ మధ్య ఒక లెవల్ తేడా ఉందని గుర్తుంచుకోండి. ఆమోదం పరిమితుల మొత్తాలు మాత్రం నిర్వచనంలో వద్దు, విడిగా అధికార పరిమితుల పట్టిక పెట్టి దాన్ని ప్రస్తావించండి. అంకె మారినప్పుడల్లా ఒప్పందం తిరగరాయక్కర్లేదు.

సంఘం_గొంతు:
ఆ పట్టికను యాజమాన్యం ఒంటరిగా మార్చేస్తే? లెవల్ 2 పరిమితిని లెవల్ 3 దాకా పెంచి, జీతం మాత్రం అక్కడే ఉంచుతారు.

అనుబంధం_బి:
న్యాయమైన అనుమానమే. పట్టిక మారితే ఎవరి లెవల్ లక్షణాలు తాకుతున్నాయో వారికి రాతపూర్వకంగా తెలియజేసి, లెవల్ పునఃపరిశీలన కోరే హక్కు ఇవ్వాలి. ఆ వాక్యం పట్టికలో కాదు, ఒప్పందంలోనే ఉండాలి.

కోడ్_4110:
రిసెప్షన్ గురించి ఒక ముక్క. ముసాయిదాల్లో దీన్ని కళ్లు మూసుకుని లెవల్ 1లో పడేస్తుంటారు, స్టోర్సు లెక్కలను లెవల్ 2లో పెడతారు. ఎందుకని అడిగితే కారణం దొరకదు. రిసెప్షన్‌లో కోపంగా వచ్చిన మనిషిని శాంతపరచడం, ఎవరిని లోపలికి పంపాలో అక్కడికక్కడ తేల్చడం, ఒకేసారి మూడు ఫోన్లు నడపడం ఉంటాయి. ఆ నిర్ణయాలను తర్వాత సరిచూసేవారు ఎవరూ ఉండరు. స్త్రీలు ఎక్కువగా ఉండే ఉద్యోగాల్లో నైపుణ్యాన్ని "స్వభావం" ఖాతాలో వేసేయడం పాత అలవాటు. సమాన విలువ గల పనికి సమాన వేతనం కోరే 1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక కూడా, చేయాల్సిన పనిని బట్టి ఉద్యోగాలను నిష్పాక్షికంగా మదింపు చేయాలనే అంటుంది. నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు, ఈ నాలుగు శీర్షికల కింద అన్ని ఉద్యోగాలనూ ఒకే కాగితం మీద మార్కులేసి చూడండి. మీ రిసెప్షన్, స్టోర్సు తారుమారయ్యే అవకాశం ఉంది.

జీతాల_పట్టిక:
మార్కులు వేసేటప్పుడు ఉద్యోగం పేరు, అందులో ఉన్న మనిషి పేరు రెండూ కప్పేయండి. కప్పకపోతే మార్కులు మనిషికి పడతాయి.

కొత్తకలం:
ఇవన్నీ ఏ వరసలో చేయాలి? నేరుగా నిర్వచనాలు రాసేద్దామనుకున్నాను.

సరిచూపు:
ముందు పని చిట్టా. ఒక్కొక్కరూ తమ పనులు రాయాలి: ఏం చేశారు, ఎంతసేపు, ఎవరు సరిచూశారు, ఎక్కడ ఆగి ఎవరిని అడిగారు. నెలాఖరు కలిసేలా పూర్తి నెల నడపాలి. మధ్యలో రెండు వారాలు తీసుకుంటే సరిచూపు పనులన్నీ జారిపోతాయి. చివరి గడి, అంటే "ఎక్కడ ఆగి అడిగారు" అన్నది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. మీకు ఎక్కువ పనికొచ్చేది అదే, పట్టుబట్టి రాయించండి.

చిట్టాను పై అధికారితో విడిగా సరిచూడండి. ఉద్యోగి "నేనే తేలుస్తాను" అంటారు, అధికారి "నన్ను అడిగే చేస్తారు" అంటారు. తేడా వచ్చిన చోట వాదన వద్దు, పాత ఫైలు ఒకటి తెరిచి నోటు ఎవరు పెట్టారో, సంతకం ఎవరిదో చూడండి.

అప్పుడు నిర్వచనాలు రాయండి. రాశాక ఒప్పందంలో పెట్టే ముందు పరీక్షించండి. చిట్టాలు తీసుకుని ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా లెవల్స్ కేటాయించాలి. ఇద్దరికీ పొసగని ఉద్యోగాలు వస్తే తప్పు ఆ ఇద్దరిదీ కాదు, నిర్వచనంలో ఏదో వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందని. ఆ వాక్యం దిద్ది మళ్లీ కేటాయించండి.

పై లెవల్‌కు వెళ్లడానికి రుజువు ఏమిటో కూడా రాయాలి. "సంతృప్తికరమైన పనితీరు" అంటే అధికారి ఇష్టం. బిల్లుల విభాగానికైతే తేడాలు కావాలని పెట్టిన 20 బిల్లుల కట్ట ఇచ్చి చూడొచ్చు: ఎన్ని పట్టుకున్నారన్నదే కాదు, పట్టుకున్నాక ఏం చేశారన్నది కూడా. నైపుణ్యం వచ్చినా పై లెవల్‌లో ఖాళీ లేకపోతే ఏమవుతుందో ఒప్పందం చెప్పి తీరాలి. నైపుణ్యం వస్తే లెవల్ వస్తుందా, పని అప్పగిస్తేనే వస్తుందా? రెండూ నడిచే పద్ధతులే. ఏదని రాయకపోవడమే ప్రమాదం.

సంఘం_గొంతు:
ఉద్యోగాల పేర్లు మార్చి తప్పించుకోవడం కూడా చూసుకోండి. క్లర్కుకు "ఎగ్జిక్యూటివ్" అని పేరు పెట్టి ఓవర్‌టైము ఎగ్గొట్టడం కొత్తేమీ కాదు. భారతదేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడి నిర్వచనంలో క్లరికల్ పనిని పేరుపెట్టి చేర్చింది, కోర్టులు హోదాను కాక ప్రధానంగా చేసే పనిని చూస్తూ వచ్చాయి. అమెరికా ఓవర్‌టైము నిబంధనలూ ఉద్యోగం పేరు ఒక్కటే చాలదనే అంటాయి. కాబట్టి పేరుతో లాభం లేదు, పైగా లెవల్ నిర్వచనం, హోదా ఒకదానితో ఒకటి కొట్టుకుంటే మీ కాగితమే మీకు వ్యతిరేక సాక్ష్యం.

కొత్తకలం:
అందరికీ ధన్యవాదాలు. లెవల్ 4ను క్లరికల్ మెట్ల నుంచి తీసి వేరే ఉద్యోగంగా పెడుతున్నాం. పని చిట్టా మొదలుపెట్టే ముందే ఒక నిర్వచనం రాసి చూశాను. తప్పులు చెప్పండి:

"లెవల్ 2. ఉద్యోగి నిర్ణీత పద్ధతుల ప్రకారం సాధారణ పర్యవేక్షణలో పనిచేస్తారు. పత్రాల మధ్య తేడాలు కనిపించినప్పుడు వాటి కారణం తేల్చి, అధికార పరిమితుల పట్టికకు లోబడి సరిదిద్దుతారు; పరిమితి దాటినవాటిని కారణంతో సహా ఆమోదానికి పెడతారు. వారి పనిని సాధారణంగా నెలాఖరున సరిచూస్తారు. కొత్తగా చేరిన లెవల్ 1 ఉద్యోగులకు పని చూపిస్తారు, వారి పనితీరును మదింపు చేయరు. తరచూ ఉండే పనులు, ఉదాహరణకు: సరఫరాదారు బిల్లుల తేడాలు తేల్చడం, రికార్డుల్లో జంట నమోదులు గుర్తించి తొలగింపును ప్రతిపాదించడం, స్టోర్సు నిల్వను రిజిస్టరుతో పోల్చడం."

అనుబంధం_బి:
బాగుంది, రెండు దిద్దుబాట్లు. "సాధారణ పర్యవేక్షణలో" అన్నదానికి కొలత లేదు. "రోజువారీ సూచనలు లేకుండా, పద్ధతిలో లేని సందర్భం వస్తే పై లెవల్‌ను సంప్రదిస్తారు" అనండి. "సాధారణంగా నెలాఖరున సరిచూస్తారు"లో "సాధారణంగా" తీసేసి, ఎవరు సరిచూస్తారో రాయండి. సరిచూసేవారు లేకుండా రెండు నెలలు గడిస్తే ఆ ఉద్యోగి లెవల్ 3 అడగవచ్చు, మీ మిశ్రమ ఉద్యోగాల నిబంధన ప్రకారమే.

జీతాల_పట్టిక:
"పని చూపిస్తారు" దగ్గర ఒకేసారి ఎందరికో పరిమితి పెట్టండి. ఆరుగురికి చూపిస్తుంటే అది శిక్షకుడి ఉద్యోగం.